ప్రైమాక్విన్ కన్నా ముందు జీ6పీడీ పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

ఫలానా జన్యువు ఉన్నవారికి మలేరియా రాదంటూ వార్తలు తరచూ కనిపిస్తున్నాయి. అందులో సగమే నిజం. మిగతా సగం చెప్పకపోతే రోగి ప్రాణం మీదికి వస్తుంది కనుక ఈ లేఖ రాస్తున్నాం. ప్రైమాక్విన్ అనే మలేరియా మందు ఇచ్చే ముందు, ఎర్రరక్త కణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము రోగిలో ఎంత ఉందో చూడాలన్నది మా మాట.

పరాన్నజీవి ఒంట్లో చేరినా అందరూ ఒకేలా జబ్బు పడరు. సికిల్ సెల్ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వచ్చినవారికి ఫాల్సిపారం అనే రకం మలేరియా తీవ్రరూపం దాల్చే ముప్పు దాదాపు 90 శాతం తక్కువ. ఈ సంబంధాన్ని తూర్పు ఆఫ్రికాలో పరిశోధకుడు ఆంథొనీ అలిసన్ 1954లోనే చూపించారు. అయినా దోమ కుడితే వీరి రక్తంలోకీ పరాన్నజీవి చేరుతుంది, జ్వరమూ రావచ్చు. తగ్గేది తీవ్రత మాత్రమే. ఇక ఇద్దరి నుంచీ ఆ జన్యువు వచ్చి సికిల్ సెల్ వ్యాధితో పుట్టిన పిల్లలకైతే అదే మలేరియా ప్రాణాంతకం. పత్రికలో "సికిల్ సెల్ ఉంటే మలేరియా సోకదు" అని చదివి, అలాంటి బిడ్డకు దోమతెర అక్కర్లేదని ఎవరైనా అనుకుంటే జరిగే నష్టం చిన్నది కాదు.

వైవాక్స్ అనే మరో రకం మలేరియాదీ ఇంతే. ఎర్రరక్త కణం మీద డఫీ అనే ప్రోటీన్ లేనివారికి ఈ రకం సోకదని 1976లో పరిశోధకుడు లూయిస్ మిల్లర్ బృందం ప్రకటించింది. చాలాకాలం అందరూ దాన్నే నియమంగా తీసుకున్నారు. 2010లో మడగాస్కర్‌లో డఫీ లేనివారు కూడా వైవాక్స్‌తో జ్వరపడ్డట్టు తేలింది. కనుక జన్యువుల పేరు చెప్పి రక్తపరీక్ష మానకూడదు.

అసలు చెప్పదలచుకున్నది జీ6పీడీ గురించి. మలేరియా తరతరాలుగా పాతుకుపోయిన ప్రాంతాల్లోనే, జన్యువు వల్ల వచ్చే ఈ ఎంజైము లోపం ఎక్కువగా కనిపిస్తుంది. ప్రపంచంలో 40 కోట్ల మందికి పైగా ఈ లోపం ఉందని అంచనా. మామూలు రోజుల్లో వారిలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు, లోపం ఉందన్న సంగతే తెలియదు. ప్రైమాక్విన్ లాంటి మందు మింగినప్పుడు బయటపడుతుంది.

వైవాక్స్ పరాన్నజీవి రక్తంలోనే కాక కాలేయంలోనూ హిప్నోజోయిట్లు అనే నిద్రాణ రూపంలో దాగి ఉంటుంది. మామూలుగా ఇచ్చే క్లోరోక్విన్ మందు రక్తంలోని వాటినే చంపుతుంది. కాలేయంలోనివి వారాలకో నెలలకో మేల్కొని జ్వరాన్ని మళ్లీ తెస్తాయి. వాటిని చంపే మందులు ప్రైమాక్విన్, అదే కుటుంబానికి చెందిన టాఫెనోక్విన్. ఇవి ఎర్రరక్త కణాలపై ఆక్సీకరణ ఒత్తిడి తెస్తాయి. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి కావలసిన ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థం కోసం ఎర్రకణం జీ6పీడీ మీదే ఆధారపడుతుంది, దానికి వేరే దారి లేదు. ఎంజైము చాలకపోతే హిమోగ్లోబిన్ దెబ్బతిని కణాలు పగులుతాయి. దీన్నే రక్తం విరగడం అంటాం. ప్రైమాక్విన్‌తో కొందరికే రక్తం ఎందుకు విరుగుతోందన్న ప్రశ్నకు 1956లోనే ఈ జవాబు దొరికింది. ఇన్నేళ్ల తర్వాత కూడా పరీక్ష లేకుండా మాత్రలు చేతికివ్వడం మాకు మింగుడుపడటం లేదు.

వైవాక్స్‌కు ఇచ్చే ప్రైమాక్విన్ మోతాదు సంగతి. రోజుకు కిలో బరువుకు 0.25 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు, లేదా 0.5 చొప్పున 7 రోజులు. 60 కిలోల మనిషికి మొదటి పద్ధతిలో రోజుకు 15, రెండో పద్ధతిలో 30 మిల్లీగ్రాములు. మొత్తం మందు రెండింటిలోనూ ఒకటే, కానీ రెండోదానిలో కణాల మీద రోజువారీ దెబ్బ రెట్టింపు. టాఫెనోక్విన్ పెద్దవారికి ఒకేసారి 300 మిల్లీగ్రాములు. సౌకర్యం నిజమే, కానీ ప్రైమాక్విన్ కొన్ని గంటల్లో రక్తంలో సగానికి తగ్గితే దీనికి సుమారు రెండు వారాలు పడుతుంది. రక్తం విరగడం మొదలైతే ప్రైమాక్విన్ ఆపవచ్చు, మింగేసిన టాఫెనోక్విన్‌ను వెనక్కి తీసుకోలేం.

కాబట్టి ఏ పరీక్ష చేస్తున్నామన్నది ముఖ్యం. ఫ్లోరసెంట్ స్పాట్ పరీక్ష, రంగు మారే ర్యాపిడ్ కిట్లు ఎంజైము 30 శాతం కన్నా తక్కువ ఉన్నవారినే పట్టుకుంటాయి. మగవారికి అది దాదాపు సరిపోతుంది: ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, వారికి ఉండేది ఒకటే ఎక్స్, కనుక లోపం ఉంటుంది లేదా ఉండదు. ఆడవారి లెక్క వేరు. ఒక ఎక్స్‌లో లోపం, రెండోదానిలో మంచి జన్యువు ఉంటే కొన్ని కణాల్లో ఎంజైము నిండుగా, కొన్నింటిలో దాదాపు శూన్యంగా ఉంటుంది. సగటు తరచూ 30 నుంచి 70 శాతం మధ్య ఎక్కడో తేలుతుంది. కిట్ ఆమెకు "లోపం లేదు" అని చెబుతుంది. ఆ మాట నమ్మి టాఫెనోక్విన్ ఇస్తే లోపమున్న కణాలన్నీ దెబ్బతింటాయి. అందుకే టాఫెనోక్విన్‌కు గానీ ఏడు రోజుల కోర్సుకు గానీ ఎంజైము ఎంత ఉందో అంకెల్లో చూపే పరీక్షే కావాలి, ఎంజైము కనీసం 70 శాతమైనా ఉండాలి. ఇక్కడ 100 శాతమంటే ఆ జనాభాలో లోపం లేని మగవారి మధ్యస్థ విలువ.

ఎంజైమును అంకెల్లో కొలిచే, చేతిలో పట్టేంత బయోసెన్సర్ యంత్రాలు ఇప్పుడున్నాయి. వేలికొన నుంచి 10 మైక్రోలీటర్ల రక్తం చాలు, రెండు నిమిషాల్లో ఫలితం వస్తుంది. కానీ స్ట్రిప్ పొట్లం ముందే విప్పి పెడితే తేమ పట్టి పాడవుతుంది. రక్తం ఎక్కువతక్కువలైనా, గాలిబుడగ చేరినా అంకె తప్పుతుంది. ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ ద్రావణంతో యంత్రాన్ని సరిచూడకుండా పని మొదలుపెట్టకూడదు. వీటన్నిటికన్నా పెద్ద మోసం మరొకటి ఉంది. ఇటీవలే రక్తం విరిగి తేరుకుంటున్న రోగిలో పాత కణాలు పోయి లేత కణాలు నిండుతాయి, లేత వాటిలో ఎంజైము ఎక్కువ. లోపమున్న మనిషి కూడా ఆ రోజున మామూలుగా కనిపిస్తాడు. రక్తం ఎక్కించుకున్న వారిలో కనబడేది దాత ఎంజైము. ఇలాంటి ఫలితాన్ని కార్డులో శాశ్వతంగా రాయకుండా కొన్ని నెలల తర్వాత మళ్లీ చేయాలి.

లోపం తేలిందని మందు ఎగ్గొట్టడమూ తప్పే. మళ్లీమళ్లీ వచ్చే వైవాక్స్ జ్వరం కూడా రక్తాన్ని హరిస్తుంది. 30 శాతం కన్నా తక్కువ ఉన్నవారికి వారానికి ఒక్కసారి కిలోకు 0.75 మిల్లీగ్రాముల చొప్పున, 8 వారాలు వైద్య పర్యవేక్షణలో ఇచ్చే పద్ధతి ఉంది. 30–70 మధ్య ఉన్నవారికి 14 రోజుల పద్ధతిని గమనిస్తూ ఇవ్వవచ్చు. గర్భిణులకు, ఆరు నెలల లోపు శిశువులకు ఈ మందు వద్దు.

మాత్రలిచ్చే ప్రతి చోటా రోగికి ఈ మాటలు చెప్పాలి: భోజనం తర్వాత వేసుకోండి, మూత్రం నల్ల టీ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం, నడుంనొప్పి వచ్చినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి రండి. రక్తం విరగడం సాధారణంగా రెండు మూడు రోజుల్లో మొదలై, హిమోగ్లోబిన్ వారం లోపే అట్టడుగుకు చేరుతుంది. కనుక పద్నాలుగో రోజున రమ్మనడం వల్ల లాభం లేదు, మూడో రోజున, ఏడో రోజున చూడాలి.

కోర్సు పూర్తిచేసినా జ్వరం తిరగబెట్టిన రోగిని మాత్రలు మింగలేదంటూ నిందించడం కూడా మానాలి. ప్రైమాక్విన్ పనిచేయాలంటే కాలేయంలో సీవైపీ2డీ6 ఎంజైము దాన్ని చురుకైన రూపంలోకి మార్చాలి. పుట్టుకతోనే ఆ ఎంజైము మందగించినవారికి పూర్తి మోతాదు కూడా చాలకపోవచ్చు.

మేం కోరేది ఇది. వైవాక్స్‌కు చికిత్స చేసే ప్రతి కేంద్రంలో అంకెల్లో ఫలితమిచ్చే జీ6పీడీ పరీక్ష ఉండాలి. ఆ అంకె, పరీక్ష తేదీ, ఆనాటి హిమోగ్లోబిన్ రోగి దగ్గరుండే కార్డులో రాయాలి. జన్యువుల వార్తలు వేసేటప్పుడు మీ పత్రిక కూడా ఈ పరీక్ష గురించి రెండు వాక్యాలు చేర్చాలి.

ఒక్క మినహాయింపు: ఫాల్సిపారం వ్యాప్తిని ఆపడానికి ఒకే ఒక్కసారి ఇచ్చే కిలోకు 0.25 మిల్లీగ్రాముల ప్రైమాక్విన్‌కు జీ6పీడీ పరీక్ష అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. పరీక్ష కిట్ లేదని ఆ ఒక్క మోతాదును ఆపవద్దు.

ఇట్లు,
మలేరియా రక్తపరీక్షల రంగంలో పనిచేస్తున్న పాఠకులు