తిరుత్తణి కావడి భక్తులకు నీళ్లు, నీడ కావాలి

సంపాదకుల వారికి,

తమిళుల ఆడి మాసంలో సుబ్రహ్మణ్యస్వామి పండుగ ఆడికృత్తిక వస్తే నగరి, పుత్తూరు వైపు నుంచి ఎందరో పసుపు బట్టలు కట్టి, పూలకావడి భుజాన వేసుకుని ‘అరోహరా’ అంటూ తమిళనాడులోని ఆయన కొండ తిరుత్తణికి నడుస్తారు. మన దగ్గర సుబ్రహ్మణ్యేశ్వరుడంటే ముందు గుర్తొచ్చేవి పుట్టలో పాలు, నాగదోషం. తమిళులకు ఆయన వేలాయుధం పట్టిన మురుగన్, తమ భాషకే సొంత దైవం. ప్రాచీన తమిళ సంగం కవిత్వం నాటికే ‘కురింజి’ అనే కొండసీమకు దేవుడు. కొండజాతి పిల్ల వల్లిని మనువాడాడు కాబట్టి సామాన్యులకు ఇంటి అల్లుడిలా దగ్గరయ్యాడని నాకనిపిస్తుంది. ఆయన మరో పండుగ తైపూసానికి అక్కడి ప్రభుత్వం 2021 నుంచి సెలవు కూడా ఇస్తోంది.

ఆయన ఆరు పడైవీడుల్లో, అంటే ముఖ్య క్షేత్రాల్లో, ఒకటైన తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సరిహద్దు మారినా మొక్కులు మారలేదు. కానీ దారిలో తాగునీళ్లకు, నీడకు భక్తులు అల్లాడుతున్నారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు కాళ్లు బొబ్బలెక్కి తారురోడ్డు పక్కనే కూలబడుతున్నారు. రెండు రాష్ట్రాల అధికారులు ముందే మాట్లాడుకుని చలివేంద్రాలు, మరుగుదొడ్లు, తిరుగు ప్రయాణానికి అదనపు బస్సులు ఏర్పాటు చేయాలి.

– ఒక పాఠకుడు, నగరి