కొరియా వైద్యం అంటే వేడి మంచం కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ హెల్త్ పేజీలో గూని వీపు, ముందుకు వంగిన మెడ సరిచేసే కొరియన్ వైద్యం అని అరపేజీ వేశారు కదా, ఇక్కడ దక్షిణ కొరియాలోని సువాన్ ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి కాబట్టి ఆత్రంగా ఆన్‌లైన్‌లో తెరిచి చదివాను. తీరా చూస్తే అందులో ఉన్నది కొరియా వైద్యం కాదు, మన ఊళ్ళల్లో సందుకొకటి వెలిసిన వేడి మంచం సెంటర్ల ముచ్చట. పైగా ఆ పక్క పేజీలోనే అలాంటి సెంటర్ యాడ్ కూడా ఉంది, సరే అది మీ వ్యాపారం, నేనేమీ అనను.

రాజమండ్రిలో మా అమ్మ కూడా రోజూ పొద్దున్నే అలాంటి సెంటర్‌కి వెళ్తుంది. మంచం మీద పడుకుంటే లోపల వేడెక్కిన జేడ్ రాళ్ళ రోలర్లు వెన్ను పొడవునా మెడ నుంచి నడుం దాకా పాకుతూ వెళ్తాయి, నలభై నిమిషాలు ఫ్రీ, ముందు ఓ కుర్రాడు మైకు పట్టుకుని స్పీచ్ ఇస్తాడు, చప్పట్లు కొట్టిస్తాడు, పాటలు పాడిస్తాడు, కొన్నాళ్ళయ్యాక మెల్లిగా లక్ష దాటిన మంచం కొనమంటాడు. ఫోన్ చేస్తే అమ్మ "మీ కొరియా వాళ్ళ వైద్యమే రా, గూని పోయి నిటారుగా అయిపోతానంట" అంటుంది. వేడికి కండరాలు వదులై హాయిగా ఉంటుంది, కాదనను, ఆ వయసు వాళ్ళకి నలుగురితో కాసేపు కబుర్లు కూడా దొరుకుతాయి. కానీ అమ్మకి ఎముకలు గుల్లబారాయని డాక్టర్ ఎప్పుడో చెప్పాడు, ఆ విషయం ఆ సెంటర్లో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నాకు మండేది అక్కడే.

ఇక్కడ సంగతి వేరేలా ఉంటుందండీ. కొరియాలో రెండు వైద్యాలు పక్కపక్కనే చట్టబద్ధంగా నడుస్తాయి, ఒకటి మనకి తెలిసిన ఇంగ్లీషు వైద్యం, రెండోది వీళ్ళ సొంత సంప్రదాయ వైద్యం. ఆ రెండో దాంట్లో డాక్టర్ కావాలంటే ఆరేళ్ళు చదివి దేశమంతటికీ ఒకటే ఉండే లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి. వాళ్ళ క్లినిక్‌ని హనివన్ అంటారు. ఒంట్లో గుచ్చే సూదులు, చర్మాన్ని పైకి లాగి పట్టుకునే కప్పులు, ఒంటి దగ్గర ఆకు కాల్చి వేడి పెట్టే మూలికల ధూపం లాంటివాటికి 1987 నుంచే ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. వీళ్ళ పెద్ద గ్రంథం దోంగుయ్ బోగమ్, హో జున్ అనే రాజవైద్యుడు 1610లో పూర్తి చేస్తే 1613లో అచ్చయింది, 2009లో యునెస్కో జాబితాకి కూడా ఎక్కింది. అంత పెద్ద చరిత్ర పెట్టుకున్నవాళ్ళ పేరు తీసుకెళ్ళి కరెంటు మంచానికి తగిలిస్తే ఎలా చెప్పండి.

మెడ వంగిపోవడం ఇక్కడా పెద్ద బెడదే. ఫోన్లు, ఆఫీసులు, రాత్రి పది దాకా ట్యూషన్లు, ఇంకేం కావాలి, దాన్ని అందరూ తాబేలు మెడ అనే అంటారు. తల బరువు అయిదు కిలోల దాకా ఉంటుంది, 60 డిగ్రీలు కిందికి వంచితే మెడ మీద భారం 27 కిలోల దాకా పోతుందని 2014లో అమెరికాలో ఒక వెన్నెముక సర్జన్ కంప్యూటర్ మోడల్‌తో లెక్కగట్టాడు. మోడల్ లెక్కే అనుకోండి, నిజం మెడ మీద కొలిచింది కాదు, అయినా ఇక్కడ చాలా క్లినిక్కుల గోడ మీద ఆ బొమ్మ ఉంటుంది.

మెడ పట్టేసి వెళ్ళినవాళ్ళకి ముందు డాక్టర్ మూడు వేళ్ళు మణికట్టు మీద పెట్టి నాడి చూస్తాడు, తర్వాత నిలబెట్టి పక్కనుంచి చూస్తాడు, చెవి భుజానికి ఎంత ముందుకొచ్చింది, ఏ భుజం కిందికి జారింది, ఎక్కువసేపు ఎలా కూర్చుంటావు, బ్యాగ్ ఏ వైపు వేసుకుంటావు, చేతుల్లో తిమ్మిరి ఉందా, పడుకుంటే నొప్పి తగ్గుతుందా, అన్నీ అడుగుతాడు. ఆ తర్వాతే చునా. అది చేతులతో చేసే చికిత్స. బోర్లా పడుకోబెట్టి, ముక్కలు ముక్కలుగా కదిలే టేబుల్ మీద నడుం దగ్గర నొక్కితే ఆ ముక్క టక్కున కొంచెం కిందికి దిగుతుంది, ఆ శబ్దం టేబుల్‌దే, మన ఎముకది కాదు. మెడకైతే వెల్లకిలా పడుకోబెట్టి తల వెనక పుర్రె అంచు కింద రెండు చేతుల వేళ్ళు పెట్టి మెల్లిగా తనవైపు లాగుతూ అలాగే పట్టుకుంటాడు, వీడియోల్లో చూపించినట్టు ఫటఫటలాడించడం అందరికీ చెయ్యరు. తర్వాత కర్టెన్ వెనక సూదులు, వాటి మీద ఎర్ర లైటు వేడి, గదంతా మాచిపత్రి జాతి ఆకు కాలిన వాసన, అదే వీళ్ళ మూలికల ధూపం. అదయ్యాక కప్పులు పెడితే భుజాల మీద గుండ్రంగా ఊదారంగు మచ్చలు వారం రోజులుంటాయి.

చునాకి ఇన్సూరెన్స్ 2019 ఏప్రిల్ 8 నుంచి వచ్చింది, దాని షరతులు చూస్తే ఎంత జాగ్రత్తగా పెట్టారో తెలుస్తుంది. కండరాలు, ఎముకలు, కీళ్ళ జబ్బు ఉందని డయాగ్నసిస్ రాయాలి, అందంగా కనిపించడానికి భుజాలు సరిచెయ్యమంటే లెక్కలోకి రాదు. ఒక మనిషికి ఏడాదికి 20 సార్లు మించి ఇవ్వరు, ఒక డాక్టర్ రోజుకి 18 మందికి మించి చేస్తే ఇన్సూరెన్స్ కట్టదు, ఆ డాక్టర్‌కి ముందుగా చునాలో ట్రైనింగ్ అయి ఉండాలి. ఖర్చులో పేషెంట్ సగం పెట్టుకోవాలి, కొన్నిటికి 80 శాతం, అంటే ఒక్కసారికి 10 వేల నుంచి 30 వేల వన్ దాకా, మన డబ్బుల్లో సుమారు 600 నుంచి 1800. మరి రోజుకి వందమందిని మంచాలెక్కించి ఏడాది పొడుగునా రమ్మనే మన సెంటర్లని ఈ లెక్కన ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి.

ఇదంతా చెప్పి చునాని ఆకాశానికి ఎత్తేయాలని కాదు. ఇన్సూరెన్స్ ఇచ్చేటప్పుడు ఇక్కడి ఇంగ్లీషు వైద్యం డాక్టర్ల సంఘం రుజువులు చాలవని గట్టిగా అడ్డుపడింది. 2021లో ఒక అమెరికా మెడికల్ జర్నల్లో వచ్చిన కొరియా ట్రయల్‌లో, పాత మెడనొప్పి ఉన్న వందమందికి పైగా పేషెంట్లలో, మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళకంటే చునా చేయించుకున్నవాళ్ళకి నొప్పి, ఇబ్బంది ఎక్కువ తగ్గాయని తేలింది. తగ్గింది నొప్పి, గమనించండి, గూని నిటారైందని కాదు. మీ పేజీలో మాత్రం పది సిట్టింగుల్లో శరీరాకృతే మారిపోతుందని రాశారు. నా మట్టుకు నాకు చేతి చికిత్స పని కొన్నాళ్ళు నొప్పి తగ్గించి మనం కదిలేలా చెయ్యడమే, మిగతాది మన కుర్చీ, మన స్క్రీన్ ఎత్తు, మన నడక.

సూదుల సంగతి కూడా ఒక ముక్క. భుజానికి మెడకి సరిగ్గా మధ్యలో ఎత్తుగా ఉండే కండలో గ్యోంజోంగ్ అనే పాయింట్ ఉంటుంది, మెడ పట్టేసినవాళ్ళకి ముందు గుర్తొచ్చే పాయింట్లలో ఇదొకటి. దాని కిందే ఊపిరితిత్తి పైకొస, సూది లోతుగా దిగితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ప్రాణం మీదికి రావచ్చు, గర్భిణులకైతే ఆ పాయింట్ వాడరు. వారం కోర్సు చేసొచ్చి బోర్డు పెట్టేవాళ్ళ దగ్గర భుజం ఇచ్చి కూర్చునేముందు ఇది తెలిసుండాలి. అలాగే మెడ బిగుసుకుంటే ఇక్కడ కల్‌గున్‌తాంగ్ అనే కషాయం ఇస్తారు, అందులో బీపీ పెంచే ఎఫిడ్రా అనే మూలిక ఉంటుంది, బీపీ ఉన్నవాళ్ళు చెప్పకుండా తాగకూడదు, మూలికే కదా ఏమవుతుందిలే అనుకుంటారు మనవాళ్ళు.

నాకు వీళ్ళ దగ్గర అన్నిటికంటే నచ్చింది డబ్బు ఖర్చు లేనిది, దాని గురించి మీ పేజీలో ఒక్క లైను లేదు. ఇక్కడి వెయ్యి వన్ నోటు మీద త్వెగ్యే యి హ్వాంగ్ అని 16వ శతాబ్దపు పండితుడి బొమ్మ ఉంటుంది. ఆయన పొద్దస్తమానం కూర్చుని చదివే మనిషి, చైనా నుంచి వచ్చిన ఒక ఆరోగ్య గ్రంథాన్ని బొమ్మలతో సహా స్వయంగా రాసిపెట్టుకున్నాడు, అందులో కూర్చుని చేసే కసరత్తులు ఉన్నాయి. కళ్ళు మూసుకుని బాసింపట్టు వేసి పళ్ళు 36 సార్లు టకటకలాడించడం, మెడని మెల్లిగా అటూ ఇటూ 24 సార్లు తిప్పి భుజం మీదుగా చూడటం, అరచేతులు వేడెక్కేలా రుద్ది వాటితో నడుం వెనక పామడం, భుజాలు గుండ్రంగా తిప్పడం, వేళ్ళు ముడేసి చేతులు నెత్తి మీదికి చాచడం, ఆఖర్న వంగి పాదాలు పట్టుకోవడం. ఆఫీసులో కుర్చీలో కూర్చునే ఇందులో సగం చెయ్యొచ్చు, పళ్ళ టకటక ఒక్కటి పక్కోడు చూడకుండా చేసుకోవాలి. మా అమ్మకి మాత్రం ఆ వంగి పాదాలు పట్టుకునేది వద్దన్నాను, ఎముకలు గుల్లబారినవాళ్ళు అంత ముందుకి వంగకూడదు.

నేను అడిగేది ఒక్కటేనండీ. ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు చికిత్స చేసే మనిషి ఏం చదివాడు, ఏ లైసెన్స్ ఉంది, ఎవరికి చెయ్యకూడదు అన్నది కూడా వెయ్యండి. ఎముకలు గుల్లబారినవాళ్ళు, క్యాన్సర్ వచ్చినవాళ్ళు, ఈమధ్య కిందపడ్డవాళ్ళు, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నవాళ్ళు మెడ తిప్పించుకునే ముందు స్కాన్ చేయించుకోవాలి, ఈ ఒక్క వాక్యం బాక్సులో వేసినా చాలు.

ఇంకోటి, కొరియాలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు ఈ పేపర్ ఆన్‌లైన్‌లో చదువుతారని తెలుసు కాబట్టి రాస్తున్నా, 2021 మార్చి నుంచి విదేశీ స్టూడెంట్లు కూడా తప్పనిసరిగా ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఉన్నారు, నెల నెలా కడుతూనే ఉన్నారు కదా. మెడ పట్టేస్తే హనివన్‌కి వెళ్ళేటప్పుడు రెసిడెన్స్ కార్డు పట్టుకెళ్ళండి, చునా మొదలుపెట్టకముందే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా లేదా అని కౌంటర్లో అడగండి, బాడీ కరెక్షన్ ప్యాకేజీ అని డబ్బులన్నీ ముందే కట్టమంటే అది ఇన్సూరెన్స్ బయటి లెక్క.

ఇట్లు,
సువాన్ నుంచి ఒక రాజమండ్రి పాఠకుడు