గని కుంగుబాటు: పునాది కింద నేల ఏమిటో ముందు చూడండి

సభ్యులకు, కింద గని తవ్వితే పైనున్న నేల కుంగి, సాగి, ఇళ్లకు పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గని లోతు అడిగి ఆగిపోకండి. నేల మీటరుకు 1 మి.మీ. సాగితే 20 మీటర్ల గోడ కింద 20 మి.మీ. సాగుతుంది. అది ఎక్కడ పడుతుందన్నదే అసలు సంగతి. మందమైన మట్టి పొర ఉంటే సాగుడు అంతటా పరుచుకుని సన్నని పగుళ్లతో పోతుంది. రాయి పైపైనే ఉంటే సాగుడంతా రాతిలోని ఒకటి రెండు బీటల దగ్గరే తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ బీట మీదున్న గోడ నిలువునా విడిపోతుంది. అన్నిటికన్నా చెడ్డది సగం రాతి మీద, సగం పూడ్చిన మట్టి మీద కట్టిన ఇల్లు.

అందుకే ఇంటి రెండు కొసల్లోనూ గుంత తీయించండి. పునాది అడుగు మట్టం వరకే, దాని కిందికి తవ్వొద్దు.

బంకమట్టి కనిపిస్తే తొందరపడి గనిని తప్పుపట్టకండి. అది ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది, పగులు కూడా దాంతోపాటే తెరుచుకుని మూసుకుంటుంది. పగులుకు అటూ ఇటూ మేకులు కొట్టి, వాటి మధ్య దూరాన్ని నెలకోసారి కొలవండి. తవ్వకం ఇంటి కిందుగా దాటి పోయాక నేల నొక్కుకుని, గని వల్ల పడిన పగులూ మూసుకోవచ్చు. కాబట్టి కొలత పక్కన తేదీతోపాటు తవ్వకం ఎక్కడిదాకా వచ్చిందో తప్పక రాయండి.