డిగ్రీలో ఆధునిక అమెరికా చరిత్రకు చోటు కల్పించాలి

సంపాదకులకు,

అయ్యా,

డిగ్రీ కళాశాలల్లో చరిత్ర చదివేవారు తగ్గిపోతున్నారని, పాఠ్యప్రణాళికను కాలానికి తగినట్టు సవరించాలని మీ పత్రికకు కొంతకాలంగా పాఠకులు రాస్తున్న లేఖలను శ్రద్ధగా చదువుతున్నాను. తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవాడిగా, ఆ లేఖల్లో ఇంతవరకు ఎవరూ ఎత్తని ఒక విషయాన్ని మీ దృష్టికి తేవాలనుకుంటున్నాను. ఇరవయ్యో శతాబ్దపు అమెరికా చరిత్రను మన డిగ్రీ విద్యార్థులు కనీసం ఒక సెమిస్టరు పాటు మూలపత్రాలతో సహా చదవాలి. ఆ చదువు తెలుగులో కూడా అందాలి.

నేను పాఠాలు చెప్పిన కాలంలో ప్రపంచ చరిత్ర పేపరులో అమెరికా 1776లో మొదలై 1865లో లింకన్ హత్యతో దాదాపు ముగిసిపోయేది. ఆ తరువాత విల్సన్ పద్నాలుగు సూత్రాల దగ్గర ఒకసారి, హిరోషిమా దగ్గర మరొకసారి కనిపించి మాయమయ్యేది. బోస్టన్ రేవులో టీ పెట్టెలు ఎందుకు విసిరేశారో గడగడా చెప్పగలిగిన విద్యార్థికి, తన అన్న ఏ చట్టం పుణ్యమా అని టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడో తెలియదు. మా వీధిలోనే ఏడిళ్ల పిల్లలు అక్కడున్నారు. వీసా వస్తే తలనీలాలిస్తామని స్వామికి మొక్కుకునే కుటుంబాలు ఈ ఊళ్లో కొల్లలు. ఇంతగా మన బతుకులతో పెనవేసుకున్న దేశం గురించి మన పిల్లలు సినిమాల ద్వారా, బంధువుల ఫోను మాటల ద్వారా మాత్రమే తెలుసుకోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తున్నది.

నా అనుభవమే ఒకటి చెబుతాను. 1960ల మధ్యలో పుత్తూరు దగ్గర మా ఊరి బడిలో మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు. సంగటి తిని పెరిగిన మాకు గోధుమ కొత్త. సంచుల మీద రెండు చేతులు కరచాలనం చేస్తున్న బొమ్మ ఉండేది. అమెరికావాళ్లు దయతలిచి పంపారని మా అయ్యవారు చెప్పేవారు. ఆ మాటలో అబద్ధం లేదు గాని, నిజం అంతకంటే చాలా పెద్దదని ఎం.ఏ.లో చేరిన తరువాతే నాకు తెలిసింది. 1929 తరువాత వచ్చిన మహామాంద్యంలో అమెరికా రైతు పంటకు ధర లేక అప్పులపాలైతే, రూజ్వెల్ట్ ప్రభుత్వం 1933లో వ్యవసాయ చట్టం తెచ్చి ధరలకు అండగా నిలిచింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అవే మద్దతు ధరల వల్ల ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం గుట్టలుగా పేరుకుంది. దాన్ని వదిలించుకోవడానికి, మిత్రదేశాలను దగ్గర చేసుకోవడానికి 1954 జులైలో ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టమే పి.ఎల్. (పబ్లిక్ లా) 480. దాని కింద మన దేశం 1956లో తొలి ఒప్పందం కుదుర్చుకుని, డాలర్లు చెల్లించనక్కరలేకుండా రూపాయలిచ్చి గోధుమలు కొన్నది. బడిపిల్లలకు ఉచితంగా పంపినది అదే చట్టంలోని వేరొక ఏర్పాటు కింద, కేర్ వంటి స్వచ్ఛంద సహాయ సంస్థల ద్వారా. 1965లోను, 1966లోను వరుసగా వానలు ముఖం చాటేసినప్పుడు అధ్యక్షుడు జాన్సన్ ఓడలను నెలనెలా లెక్కగట్టి వదిలారు. మన వ్యవసాయ విధానం మారాలన్నది ఒక కారణం, వియత్నాం యుద్ధంపై మన ప్రభుత్వం చేసిన విమర్శ మరొకటి. మా ఆకులో పడిన ఉప్మా వెనుక అమెరికా రైతు కష్టం, ఆ దేశపు ఎన్నికల లెక్కలు, వియత్నాం యుద్ధం, మన కరువు అన్నీ ఉన్నాయి. గోధుమలకు మనం చెల్లించిన ఆ రూపాయల నిల్వల్లో కొంత సొమ్ముతో 1962 నుంచి అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు చెందిన గ్రంథాలయం తెలుగుతో సహా భారతీయ భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపిన సంగతి కూడా చరిత్ర విద్యార్థి తెలుసుకోదగినదే.

వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి మన పిల్లలు బడిలోనే చదువుతారు. 1895లో భీమవరంలో పుట్టి, 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లోను, తరువాత లెడర్లీ ప్రయోగశాలలోను పరిశోధనలు చేసి 1948లో కన్నుమూసిన ఆ మహానుభావుడు, అక్కడ గడిపిన కాలంలో అత్యధిక భాగం పౌరసత్వం కోరే అర్హతే లేని పరదేశిగా బతికారన్న విషయం మాత్రం పాఠంలో ఉండదు. 1917 నాటి చట్టం ఆసియాలోని చాలా ప్రాంతాల నుంచి వలసలను నిషేధించింది. విద్యార్థులకు మినహాయింపు ఉండేది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు చట్టం దృష్టిలో శ్వేతజాతీయులు కారు గనుక పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. 1946 జులైలో ట్రూమన్ సంతకం చేసిన చట్టంతో పౌరసత్వానికి దారి తెరుచుకున్నది గాని, భారతదేశం మొత్తం నుంచి ఏడాదికి వందమందికి మాత్రమే వలస అవకాశం దక్కింది. ఆ గోడను కూల్చినది 1965 అక్టోబరు 3న జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం. ఈనాడు ఇంటింటా వినిపించే హెచ్-1బి వీసా 1990 నాటి చట్టంతో వచ్చింది.

ఇక్కడ నేను విద్యార్థులకు ప్రత్యేకించి చెప్పే మాట ఒకటుండేది. 1965 ఆగస్టులో నల్లజాతివారి ఓటు హక్కుల చట్టాన్ని ఆమోదించినది కూడా ఆ వలస చట్టం చేసిన అమెరికా కాంగ్రెసే. బస్సుల్లో జాతివివక్షకు నిరసనగా మాంట్గొమరీలో 381 రోజులు బస్సెక్కకుండా నడిచిన నల్లజాతి పనిమనుషులు, ఓటు హక్కు కోసం ఊరేగుతూ 1965 మార్చిలో సెల్మా వంతెన మీద లాఠీదెబ్బలు తిన్నవారు, జాతిని బట్టి మనుషులను వడగట్టే చట్టాలు తలెత్తుకు నిలబడలేని పరిస్థితిని కల్పించారు. మన పిల్లలు విమానమెక్కడానికి వీలు కలిగించిన వారిలో వారూ ఉన్నారు. అక్కడికి వెళ్లి నల్లజాతివారి గురించి చులకనగా మాట్లాడే మనవారిని చూసినప్పుడల్లా, ఈ ఒక్క పాఠం వీరికి సరిగా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లపై మన సుప్రీంకోర్టు విన్న మండల్ కేసులో 1992లో మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవచ్చునా అన్న 1978 నాటి బకీ కేసుతో సహా పలు అమెరికా తీర్పులను చర్చించారు. 2023లో అక్కడి సుప్రీంకోర్టు విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతికి చెల్లుచీటీ ఇచ్చింది. రిజర్వేషన్లపై నిత్యం వాదించుకునే మన యువతకు ఈ నేపథ్యం అక్కరకు వస్తుందనడంలో సందేహం లేదు.

మన చరిత్రే సరిగా రాని పిల్లలకు అమెరికా చరిత్ర ఎందుకని కొందరు మిత్రులు నాతో అన్నారు. పైన రాసినదంతా మన చరిత్ర కూడానని వారికి మనవి చేస్తున్నాను. ఆ దేశాన్ని ఆకాశానికెత్తడమో, దుమ్మెత్తిపోయడమో చదువు కారాదని కూడా నేను గట్టిగా నమ్ముతాను. జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా 1942లో రూజ్వెల్ట్ ఉత్తర్వుతో దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివారిని, వారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే అయినా, ఇళ్ల నుంచి తరలించి నిర్బంధ శిబిరాల్లో ఉంచారు. 1988లో అదే దేశం చట్టం చేసి క్షమాపణ చెప్పి, బతికున్నవారికి తలా 20,000 డాలర్లు చెల్లించింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివిన విద్యార్థి ఏ దేశపు ప్రభుత్వాన్నయినా, మన ప్రభుత్వాన్ని కూడా, వివేకంతో అంచనా వేయడం నేర్చుకుంటాడు.

మూలపత్రాలు చదివించాలని నేను పట్టుబట్టడానికి కారణముంది. అమెరికా విదేశాంగ శాఖ 1861 నుంచి తన దౌత్యపత్రాలను సంపుటాలుగా ప్రచురిస్తున్నది. 1971 నాటి బంగ్లాదేశ్ సంక్షోభానికి సంబంధించిన సంపుటం 2005లో వెలువడింది. ఢాకాలోని అమెరికా కాన్సులేట్ ఉద్యోగులు పాకిస్తాన్ సైన్యం అక్కడ సాగించిన హత్యాకాండపై తమ ప్రభుత్వ మౌనాన్ని ఖండిస్తూ 1971 ఏప్రిల్ 6న పంపిన తంతిని, కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ దానికి జతచేసిన మాటలను నేను తెలుగు చేసి ఒకనాడు తరగతిలో పంచాను. ఎప్పుడూ నోట్సు రాసుకోవడంతో సరిపెట్టే పిల్లలు ఆ రోజు రెండు గంటలు వాదించుకున్నారు. సర్కారు జీతం తీసుకుంటూ సర్కారునే తప్పుపట్టవచ్చునా అని సత్యవేడు నుంచి వచ్చే అమ్మాయి అడిగితే, 1971 డిసెంబరులో బంగాళాఖాతానికి ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను పంపిన అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1974లో ఎందుకు దిగిపోవలసి వచ్చిందో చెప్పమని మరొకరు పట్టుబట్టారు. సిలబస్‌లో లేనిది చెప్పి కాలం వృథా చేస్తున్నానని నాకు పైనుంచి మందలింపు అందింది. అయినా ఆ తరగతిని నేను మరచిపోలేను.

1964లో ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం ఏర్పడిన తరువాత, ఈ విషయంపై ఆసక్తి ఉన్న మావంటివారు రాత్రంతా రైల్లో ప్రయాణించి హైదరాబాద్ వెళ్లవలసి వచ్చేది. నేడు ఆ పత్రాల్లో చాలా భాగం చేతిలోని ఫోనులోనే ఉచితంగా దొరుకుతున్నాయి. అడ్డు భాష ఒక్కటే. పలమనేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి ప్రాంతాల నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చే పిల్లలు అరవై ఏళ్లనాటి దౌత్య ఆంగ్లాన్ని ఒంటరిగా చదవలేరు. అందుచేత శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ చరిత్ర విభాగంలో పాఠ్యప్రణాళికను నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒక ఐచ్ఛిక పేపరును రూపొందించాలని, తెలుగు అకాడమీ ముఖ్యమైన చట్టాలు, తీర్పులు, ప్రసంగాలు, తంతులను ఎంచి అర్థవివరణలతో ఒక తెలుగు సంకలనం ప్రచురించాలని కోరుతున్నాను.

ఢాకా తంతితో సహా నేను అనువదించిన పదకొండు పత్రాలు చేతిరాతలో నా దగ్గరున్నాయి. అవి అచ్చుకు సిద్ధం కావు, దిద్దవలసినవి ఉన్నాయి. ఈ పాఠం చెప్పదలచిన ఏ కళాశాల అధ్యాపకులకైనా వాటి నకళ్లు తీసి ఇస్తాను. పిలిస్తే వచ్చి మొదటి తరగతిలో కూర్చుంటాను.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తిరుపతి