ఆల్ప్స్ హోటళ్లకు పిల్లల్ని పంపే ముందు ఒప్పంద పత్రం అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర నుంచి మా నిజామాబాద్‌లో ఎక్కడ చూసినా విదేశీ హోటల్ మేనేజ్‌మెంట్ ఫ్లెక్సీలే. వాటి మీద మంచు కప్పిన మాటర్‌హార్న్ కొండ, దాని ముందు సూటు వేసుకున్న కుర్రాడు, కింద ‘చదువుతూనే సంపాదించండి’ అన్న మాట. స్విట్జర్లాండ్‌లో ఆ కొండ కిందే ఉన్న జెర్మాట్ ఊళ్లో, ఒక ఫైవ్ స్టార్ హోటల్లో ఇంటర్న్‌గా చలికాలం సీజన్ పనిచేసి వచ్చాను. పిల్లల్ని అక్కడికి పంపడానికి పొలం తాకట్టు పెడుతున్న తల్లిదండ్రులకు కొన్ని విషయాలు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

జెర్మాట్ సముద్ర మట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. పెట్రోలు, డీజిలు కార్లను ఊళ్లోకి రానివ్వరు. టేష్ అనే ఊళ్లో బండి వదిలి రైలెక్కాలి. డిసెంబరులో మొదలైన సీజన్ ఈస్టర్ దాకా నడుస్తుంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, మళ్లీ ఫిబ్రవరిలో యూరప్ స్కూళ్లకు సెలవులిచ్చినప్పుడు, పనివాళ్లకు ఊపిరి సలపదు. ఊళ్లో అద్దెలు కట్టలేక చాలామంది పనివాళ్లు కింద లోయలో ఉంటారు. మంచు ముంచెత్తి రైలు ఆగిపోతే వాళ్లు రాలేరు, వాళ్ల పని కూడా ఊళ్లో ఉన్నవాళ్ల మీదే పడుతుంది. 2018 జనవరిలో దారులన్నీ మూసుకుపోయి దాదాపు 13,000 మంది పర్యాటకులు జెర్మాట్‌లోనే చిక్కుకుపోయారు. అంతమందికీ వండి, వడ్డించి, పక్కలు సర్దింది మాలాంటి పనివాళ్లే.

నన్ను స్కీ రూమ్‌లో వేశారు. మంచు మీద జారడానికి కాళ్లకు తగిలించుకునే పొడవాటి బద్దలే స్కీలు, అవీ వాటి బూట్లూ ఉంచే గది అది. సాయంత్రం అతిథులు కొండ దిగాక వాళ్ల స్కీలను పొడిగా తుడవాలి, లేకపోతే ఉక్కు అంచులు తుప్పు పడతాయి. బూట్లను వేడిగాలి వచ్చే గొట్టాలకు తలకిందులుగా తగిలించాలి. స్కీ బూటు అంటే గట్టి ప్లాస్టిక్ డొప్ప. చల్లబడితే రాయిలా బిగుసుకుపోయి కాలు దూరదు. పొద్దున అతిథి బెంచీ మీద కూర్చోగానే మోకాళ్ల మీద కూర్చుని, బకిల్స్ అన్నీ విప్పి, బూటు నాలుకను ముందుకు లాగి, మేజోడులో ఒక్క ముడత కూడా లేకుండా చూసి కాలు దూర్పించాలి. తర్వాత మడమను నేలకు తట్టమని చెప్పి, ముందు చీలమండ దగ్గరి బకిల్ పెట్టాలి. మడమ అక్కడ కుదురుకోకపోతే లోపల లేచి లేచి బొబ్బలెక్కుతుంది. ఇంకొకరి కాలికి బూటు తొడగడాన్ని మన దగ్గర చిన్నతనంగా చూస్తారు. నాకు ఎప్పుడూ అలా అనిపించలేదు. అది చేయి తిరిగితేనే వచ్చే పని. కాళ్ల నొప్పులున్న ఒక పెద్దాయన రోజూ నా కోసమే అడిగేవారు. ఆ మాట విన్నప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ నాకు గుర్తుంది.

కాబట్టి పని కష్టమని నేను ఎవరినీ భయపెట్టడం లేదు. అసలు టెన్షన్ గంటల లెక్క దగ్గర వస్తుంది. స్కీ రూమ్‌లో పొద్దున ఏడున్నర నుంచి పదకొండు దాకా ఒక పూట, మళ్లీ మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి దాకా ఇంకో పూట. మధ్య గంటలకు జీతం ఉండదు. రద్దీ రోజుల్లో భోజనం అయ్యాక గదుల్లో పక్కలు సర్దడానికి కూడా పిలిచేవారు. ఆ అదనపు గంటలు నెలాఖరు కాగితంలో కనిపించలేదు.

స్విట్జర్లాండ్‌లో హోటళ్లు, రెస్టారెంట్లకు యజమానులు, కార్మిక సంఘాలు కలిసి రాసుకున్న, దేశమంతటికీ ఒకే ఉమ్మడి కార్మిక ఒప్పందం ఉంది. సీజన్ హోటల్లో వారానికి 43.5 గంటలు పని, వారానికి రెండు రోజులు సెలవు, ఏడాదికి ఐదు వారాల జీతంతో కూడిన సెలవు. ఇంటర్న్‌లకు కూడా కనీస జీతం కట్టి ఉంది. పనిగంటల పట్టికను నెలకొకసారైనా పనివాడికి చూపించి సంతకం తీసుకోవాలి. ఇదంతా నాకు మా ఏజెంటు చెప్పలేదు. మా హౌస్‌కీపింగ్‌లో పనిచేసే పోర్చుగల్ పెద్దావిడ చెప్పింది. ఆమె ఏప్రాన్ జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజూ వచ్చిన టైము, వెళ్లిన టైము రాసుకునేది. నాతో కూడా రాయించింది. ఆ లెక్క చూపించి అడిగితే గొడవేమీ లేకుండా గంటలు సరిచేశారు. అడగనివాళ్లకు మాత్రం సరిచేయలేదు.

జీతం దగ్గర ఇంకో సంగతి. ఏజెంట్లు చెప్పే అంకె తిండికి, గదికి జీతంలోంచి కోసుకోక ముందుది. అక్కడి ప్రభుత్వ లెక్కలో రెండింటికీ కలిపి రోజుకు 33 స్విస్ ఫ్రాంకులు, అంటే నెలకు 990. ‘టిప్స్ బాగా వస్తాయి’ అనే మాట కూడా నమ్మి లెక్కలు వేసుకోకండి. 1974 నుంచి అక్కడ సర్వీసు ఖర్చు బిల్లులోనే కలిసి ఉంటుంది, ఆపైన ఇవ్వడం అతిథి ఇష్టం.

ఆ పెద్దావిడ వాళ్ల నాన్న పాత సీజన్ కూలీ పర్మిట్ మీద వచ్చినవాడు. ఏడాదికి తొమ్మిది నెలలు పని, తర్వాత దేశం వదిలి వెళ్లాలి, భార్యాపిల్లల్ని తెచ్చుకోకూడదు. ఉండబట్టలేక తెచ్చుకున్నవాళ్లు పోలీసులకు కనబడకుండా పిల్లల్ని గదుల్లో దాచి పెంచారు. ఆ పర్మిట్ 2002లో రద్దయింది. ఆమె అది చెబుతుంటే నాకు మా నాన్న దుబాయి రోజులే కళ్ల ముందు మెదిలాయి. గల్ఫ్‌కు పోయేవాళ్లకు ఇప్పుడు మా ఊళ్లలో కనీసం ‘ఏజెంటుకు లైసెన్సు ఉందా, కాంట్రాక్టు చేతికిచ్చాడా’ అని అడిగే పెద్దమనుషులు ఉన్నారు. స్టూడెంట్ వీసా మీద పోయే పిల్లలను ఎవరూ అలా అడగరు. చదువుకే కదా పోతున్నది అనుకుంటారు.

ఫీజు కట్టే ముందే ఇంటర్న్‌షిప్ ఒప్పందం నమూనా చూపించమనండి. వారానికి ఎన్ని గంటలు, చేతికి ఎంత, గదికి ఎంత, గదిలో ఎందరు, ఇంటర్న్‌షిప్ దొరకకపోతే కాలేజీ ఏం చేస్తుంది అన్నవి కాగితం మీద ఉండాలి. ‘అక్కడికి వెళ్లాక అన్నీ సెట్ అవుతాయి’ అనే ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఆ ఉమ్మడి ఒప్పందం ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంది. అందులో ఇంటర్న్‌లకు వర్తించే భాగాలను మీ చదువుల పేజీలో తెలుగులో వేయండి. అడ్మిషన్ల హడావిడి మొదలయ్యే లోపు వేస్తే ఈ ఏడాది పోయే పిల్లలకే పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
నిజామాబాద్
(పేరు ప్రచురించవద్దని మనవి)