చిన్న బడి కోసం ప్రభుత్వ బడి వదిలిన ఒక తల్లి విద్యాశాఖ మంత్రి గారికి రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అమ్మాయిని ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు పంపకుండా ఒక చిన్న ప్రైవేటు ఉన్నత పాఠశాలలో చేర్పించాము. ఇలాంటి నిర్ణయం తీసుకున్న తల్లిదండ్రుల గురించి మాట వచ్చినప్పుడల్లా, డబ్బున్నది కనుక వెళ్ళారని కొందరు, ప్రభుత్వ బడి అంటే చిన్నచూపు కనుక వెళ్ళారని కొందరు తేల్చేస్తుంటారు. మా విషయంలో రెండూ నిజం కావు. ప్రాథమిక తరగతులన్నీ ఆమె ప్రభుత్వ బడిలోనే చదివింది, అక్కడి ఉపాధ్యాయుల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. యాజమాన్యం ఎవరిదన్న సంగతి మేము చివరిదాకా పట్టించుకోలేదు. వెతికినది తక్కువ మంది పిల్లలున్న బడి కోసం. ప్రభుత్వంలో అది దొరకలేదు కాబట్టి ఫీజు కట్టి బయట చేర్పించాము.

ప్రాథమిక తరగతుల్లో ఒకే టీచరు రోజంతా అదే పిల్లలతో గడుపుతారు, కాబట్టి తరగతి కాస్త పెద్దదైనా ఏ పిల్ల ఎక్కడ తడబడుతున్నదో వారికి తెలిసిపోతుంది. ఉన్నత తరగతుల్లో సబ్జెక్టుకొక టీచరు వస్తారు, గంట కొట్టగానే వెళ్ళిపోతారు. నలభై మంది చొప్పున ఐదు సెక్షన్లకు పాఠం చెప్పే టీచరుకు 200 మంది పిల్లలుంటారు. ఒక్కొక్కరు రాసిన వ్యాసం మీద 5 నిమిషాలు వెచ్చించినా 1,000 నిమిషాలు, అంటే దాదాపు 17 గంటలు కావాలి. పద్ధెనిమిది మంది చొప్పున నాలుగు సెక్షన్లయితే 72 మందే, అదే పని 6 గంటల్లో పూర్తవుతుంది. మొదటి టీచరు ఎంత నిబద్ధత గలవారైనా వారం వారం వ్యాసం రాయించి దిద్దడం జరిగే పని కాదు. కాబట్టి అడుగున ఒక టిక్కు, ఒక సంతకం పెట్టి పుస్తకం తిరిగి ఇచ్చేస్తారు, లేదా రాయించడమే మానేస్తారు. ఆ తరువాత పిల్లలకు సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం రావడం లేదని అందరం కలిసి వాపోతాము. ఈ లెక్కలో టీచరు తప్పు ఎక్కడుందో నాకైతే కనిపించదు.

ఇప్పుడు చదువుతున్న బడిలో గణితం చెప్పే ఆవిడ మా అమ్మాయికి బీజగణితం ఎందుకు కొరుకుడు పడడం లేదో కొద్ది వారాల్లోనే పసిగట్టారు. భిన్నాల దగ్గర మిగిలిపోయిన పాత సందేహం సమీకరణాల్లో మళ్ళీ తలెత్తుతోందని చెప్పి, అక్కడి నుంచి మొదలుపెట్టారు. ఆవిడ అసాధారణమైన ప్రతిభావంతురాలని నేను అనడం లేదు. పిల్ల నోటుపుస్తకం తీరికగా చదివే వ్యవధి ఆవిడకు ఉంది, అంతే.

అయితే చిన్న బడిలో పోగొట్టుకునేవీ ఉన్నాయి, వాటిని దాచి మీకు ఉత్తరం రాయడం న్యాయం కాదు. అక్కడి ప్రయోగశాల పేరుకే ప్రయోగశాల. ఐచ్ఛిక సబ్జెక్టులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. భౌతికశాస్త్రానికి ఉన్నది ఒక్కరే టీచరు. వారు ఉద్యోగం మానితే ఆ సంవత్సరం సబ్జెక్టు గాలిలో దీపమే. నేర్చుకోవడంలో ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లలకు శిక్షణ పొందిన నిపుణులు లేరు, అలాంటి పిల్లలను మర్యాదగా తిప్పి పంపే బడులూ ఉన్నాయి. అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది, ఫీజు కట్టగలిగిన ఇళ్ళ పిల్లలు మాత్రమే ఒకచోట పెరగడం. ప్రైవేటు కాబట్టి చదువు మెరుగ్గా ఉంటుందన్న నమ్మకానికీ పెద్ద ఆధారం లేదు. పదిహేనేళ్ళ పిల్లల చదువును దేశాల వారీగా పోల్చే అంతర్జాతీయ పీసా పరీక్షల్లో ప్రైవేటు బడులకు కనిపించే ఆధిక్యం, కుటుంబాల ఆర్థిక, సామాజిక స్థితిని లెక్కలోకి తీసుకున్న తరువాత చాలా దేశాల్లో కరిగిపోతుందని ఆ పరీక్షలు నిర్వహించే దేశాల కూటమి ఓఈసీడీ విశ్లేషణలే చెబుతున్నాయి.

చిన్న బడి ప్రభుత్వానికి సాధ్యం కాదన్న వాదన కూడా నిలవదు. న్యూయార్క్ నగరం 2002 తరువాత విఫలమవుతున్న భారీ ఉన్నత పాఠశాలలను మూసి, వాటి స్థానంలో ఒక్కో తరగతిలో అన్ని సెక్షన్లూ కలిపి దాదాపు వంద మంది ఉండే చిన్న ప్రభుత్వ పాఠశాలలను పెద్ద సంఖ్యలో తెరిచింది. సీట్లకు మించి దరఖాస్తులు వచ్చిన చోట లాటరీ పద్ధతిలో ప్రవేశాలు జరిగాయి కాబట్టి, సీటు వచ్చినవారినీ రానివారినీ పోల్చడం పరిశోధకులకు వీలైంది. చిన్న బడుల్లో చేరినవారిలో ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసినవారి శాతం స్పష్టంగా ఎక్కువ. అమెరికాలోనే టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలైన స్టార్ ప్రయోగం 13 నుంచి 17 మంది ఉన్న తరగతుల పిల్లలు మెరుగ్గా నేర్చుకున్నారని చూపింది, కానీ అది ప్రాథమిక స్థాయి పిల్లల మీద జరిగిన ప్రయోగం కనుక ఉన్నత తరగతులకు యథాతథంగా వర్తిస్తుందని అనను. తొందరపడితే ఏమవుతుందో కాలిఫోర్నియా చూపింది: 1996లో ప్రాథమిక తరగతి గదిలో ఉండే పిల్లల సంఖ్యను ఒక్కసారిగా తగ్గించడంతో, తగిన అర్హత లేనివారిని కూడా టీచర్లుగా తీసుకోవలసి వచ్చింది.

ప్రైవేటు బడి ఫీజును ప్రభుత్వం చెల్లించాలని నేను అడగడం లేదు. చిలీ 1981 నుంచి ఆ దారిలో నడిచింది. బడులు పిల్లలను ఏరుకోవడానికీ, అదనపు ఫీజు వసూలు చేయడానికీ వీలుండడంతో పిల్లలు ఆదాయాన్ని బట్టి వేరుపడిపోయారు, చివరికి 2015లో ఆ రెండింటికీ అడ్డుకట్ట వేస్తూ చట్టం తేవలసి వచ్చింది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 26వ అధికరణం పిల్లలకు ఎలాంటి విద్య ఇవ్వాలో ఎంచుకునే ప్రాథమ్యం తల్లిదండ్రులకు ఇచ్చింది. అదే అధికరణం ప్రాథమిక విద్య ఉచితంగా ఉండాలని కూడా చెప్పింది. మొదటి వాక్యాన్ని మాలాంటివారు తరచుగా గుర్తు చేసుకుంటారు, రెండవదాన్ని అంతగా తలచుకోరు.

నా మనవి మొదట మీ బడుల గురించే. వేయి మంది చదివే ఉన్నత పాఠశాలను కొత్త భవనం లేకుండానే నాలుగు విభాగాలుగా నడపవచ్చు: ఒక్కో విభాగానికి తన సొంత ఉపాధ్యాయ బృందం ఉండి, ఆ బృందం అవే పిల్లలతో వరుసగా రెండు మూడు సంవత్సరాలు కొనసాగాలి, ప్రయోగశాల, గ్రంథాలయం, ఆటస్థలం మాత్రం అందరికీ ఉమ్మడిగా ఉండాలి. దానితోపాటు ఒక్కో టీచరుకు మొత్తం ఎంతమంది పిల్లలు ఉండవచ్చో పరిమితి పెట్టండి. ఇప్పుడు లెక్క తరగతి గదికి పెడుతున్నాము, దిద్దే చేతికి పెట్టడం లేదు. దీనికి అదనపు టీచర్లు కావాలి, ఖర్చూ అవుతుంది; కాబట్టి శిక్షణ పూర్తయినవారు అందే కొద్దీ ఏటా ఒక తరగతి చొప్పున అమలు చేయడం మేలు.

చిన్న ప్రైవేటు బడుల విషయంలో, వేల మంది ఉన్న సంస్థలకు రాసిన నిబంధనలనే వాటికీ వర్తింపజేసి ఊపిరాడకుండా చేయవద్దు. కానీ ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలున్నారో, గత మూడేళ్ళలో ఎంతమంది టీచర్లు మారారో ప్రవేశాలకు ముందే ప్రకటించే బాధ్యత వాటి మీద పెట్టండి. విద్యాసంవత్సరం మధ్యలో మూతపడితే పిల్లల రికార్డులూ, కట్టిన ఫీజులో మిగిలిన భాగమూ తల్లిదండ్రులకు చేరే ఏర్పాటు ముందుగానే ఉండాలి. ప్రభుత్వ బడికి తిరిగి రావాలనుకునే పిల్లలను ఏ తరగతిలోనైనా, సంవత్సరం నష్టపోకుండా చేర్చుకోవాలని మీ శాఖ రాతపూర్వకంగా ఆదేశిస్తే, మాలాంటివారిలో ఎంతమంది వెనక్కి వస్తారో మీకే లెక్క తెలుస్తుంది.

భవదీయురాలు,
ఒక విద్యార్థిని తల్లి