కేబుల్ మారిస్తే మానిటర్ పోయినట్టేనా?

ఎడిటర్ గారికి,

మానిటర్‌కున్న పాత రకం వీజీఏ కేబుల్ తీసి కొత్త రకం హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే 'నో సిగ్నల్' అని వస్తే చాలామంది మానిటరే పోయిందనుకుంటారు, కానీ ముందు మానిటర్ బటన్ నొక్కి మెనూలో ఇన్‌పుట్ సోర్స్ ఇంకా వీజీఏ మీదే ఉందేమో చూడండి, కొన్ని మోడల్స్‌లో అది దానంతటదే మారదు. కంప్యూటర్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మను తయారుచేసే కార్డు) ఉంటే కేబుల్ దానికే పెట్టాలి. ఇక డిస్‌ప్లేపోర్ట్ (మానిటర్‌ను కలిపే మరో రకం పోర్టు) నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు కేబుల్ ఒకవైపే పనిచేస్తుంది, డిస్‌ప్లేపోర్ట్ కొన కంప్యూటర్‌కే పెట్టాలి, తిప్పి పెడితే ఎంతసేపు చూసినా నల్ల తెరే. వీజీఏ అనలాగ్, హెచ్‌డీఎంఐ డిజిటల్, కాబట్టి ఈ రెండింటినీ కలపడానికి మధ్యలో కన్వర్టర్ చిప్ లేని చవక కేబుల్ కొంటే డబ్బులు దండగ, ఈ ముక్క ప్యాకెట్ మీద పెద్దక్షరాల్లో వేయొచ్చు కదా, వేయరు! మీ టెక్ పేజీలో అయినా ఒకసారి రాయండి.

- ఒక పాఠకుడు